పళ్లకు కుదిరిన గార్డు

దెబ్బలకు పళ్లు ఊడకుండా బాక్సర్లు పళ్లకు తొడుక్కునే గార్డు షర్మిల నోట్లో నిలిచేది కాదు. పెట్టుకున్న కాసేపటికే డోకు వచ్చేది, కళ్లలో నీళ్లు తిరిగేవి. గ్లోవ్స్ తొడిగిన చేత్తో తీయడం కుదరదు కాబట్టి నాలుకతో ముందుకు తోసి ఉమ్మేసేది. అది షెడ్డులో మట్టినేల మీద పడేది. గోవింద్ మాస్టారు పంచింగ్ బ్యాగు వదిలేసి వచ్చి, దాన్ని బకెట్ నీళ్లలో ముంచి మళ్లీ ఆమె పెదాల దగ్గర పెట్టేవాడు.

"నోరు తెరు. ఇంకొక్క రౌండు."

గోవింద్ మాస్టారు నర్సీపట్నం జూనియర్ కాలేజీలో వ్యాయామ ఉపాధ్యాయుడు. చదువుకునే రోజుల్లో విశాఖపట్నంలో యూనివర్సిటీ తరఫున బాక్సింగ్ ఆడాడు. ఉద్యోగం వచ్చాక కాలేజీ వెనక ఒకప్పుడు జీడిపిక్కలు నిలవచేసిన షెడ్డును అడిగి తీసుకుని, రెండు బ్యాగులు వేలాడదీసి, సాయంత్రాలు కుర్రాళ్లకు నేర్పేవాడు. 2003లో ఆడపిల్లలకూ పోటీలు పెడుతున్నారని కబురు వచ్చింది. ఎవరిని దింపాలా అని చూస్తుంటే కాలేజీ ఆటల్లో షాట్‌పుట్ విసురుతూ షర్మిల కనబడింది. ఇనుపగుండు ఎంత దూరం పడిందన్నది కాదు ఆయన చూసింది, విసిరే ముందు ఆమె కాళ్లు నేలను పట్టిన తీరు.

షర్మిల తండ్రి క్రీస్తురాజు బస్ డిపోలో మెకానిక్. తల్లి ఎస్తేరమ్మ మిషన్ హాస్టల్లో వంటచేసేది. కూతురు బాక్సింగ్ ఆడుతుందంటే చర్చిలో కొందరు నవ్వారు. క్రీస్తురాజు మాత్రం నవ్వలేదు. డిపోలో ఎవరో రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉంటుందని చెప్పారు. అది ఆయన మనసులో నాటుకుపోయింది. "ఆడనీ, ఆడితే తప్పేటి?" అన్నాడు భార్యతో. షర్మిలకు కోటా సంగతి అంతగా పట్టలేదు. షెడ్డులోకి అడుగుపెట్టగానే ఆమెకు ఆకలి వేసినట్టుండేది, అంతే. ఎవరైనా మీదికి వస్తుంటే పక్కకు జరిగి, వాళ్ల గ్లోవు గాలిని కొట్టడం చూడటం ఆమెకు ఇష్టం.

ఇబ్బంది అంతా గార్డుతోనే. ఆమె ఎడమ కోరపన్ను పై చిగురులోంచి బయటికి పొడుచుకొచ్చి పక్కపన్ను మీదికి ఎక్కి ఉండేది. మాస్టారు విశాఖపట్నం నుంచి తెచ్చిన రెండు గార్డులూ అందరి నోటికీ సరిపోయేలా చేసిన రబ్బరు ముక్కలు. వేడినీళ్లలో వేసి, మెత్తబడ్డాక నోట్లో పెట్టుకుని కొరికితే పళ్ల అచ్చు పడుతుందని పాకెట్ మీద రాసి ఉంది. ఎస్తేరమ్మ హాస్టల్ పొయ్యి మీద నీళ్లు తెర్లించి మొదటిదాన్ని వేసింది. అది ముడుచుకుపోయి ఎందుకూ పనికిరాకుండా పోయింది. రెండోదాన్ని కొంచెం జాగ్రత్తగా మరిగించారు. అచ్చు పడింది కానీ కోరపన్ను దగ్గర పలచగా, వెనక దంతాల దగ్గర మందంగా తయారైంది. వెనక అంచు అంగిటికి తగిలి డోకు తెప్పించేది. ముందు అంచు చిగురును ఒరిసి పుండు చేసేది. షర్మిల గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా దాన్ని నోట్లో ఉంచుకుని అలవాటు చేసుకోవాలని చూసింది. పుండు పెద్దదైందే తప్ప అలవాటు కాలేదు.

మొదటి పోటీ అనకాపల్లిలో. ఎదుటి పిల్ల విశాఖపట్నం పిల్ల, చేతులు పొడుగు. మొదటి రౌండు షర్మిలదే. రెండో రౌండులో గార్డు ఉమ్మేసింది. రిఫరీ ఆట ఆపి, కడిగించి పెట్టించి, హెచ్చరించాడు. మూడో రౌండులో ఊపిరి చాలలేదు. మళ్లీ నాలుకతో తోసింది. నోరు తెరిచి ఉన్న ఆ క్షణంలోనే ఎదుటి పిల్ల కుడిచెయ్యి వచ్చి గడ్డం మీద పడింది. ఎడమచెవిలో ఏదో చిట్లినట్టు చప్పుడైంది. షర్మిల పడిపోలేదు. గంట కొట్టేదాకా నిలబడి ఆడింది. పాయింట్ల మీద ఓడిపోయింది.

తిరుగు బస్సులో మాస్టారు పక్కసీట్లో కూర్చున్నాడు. తాళ్లపాలెం దాటాక అన్నాడు.

"తప్పు గార్డుది కాదమ్మా. నీకు బయిం పట్టుకుంది. దెబ్బ వొస్తాదని ముందే నోరు తెరిచేస్తన్నావు."

"బయిం కాదు మాస్టారూ. ఊపిరాడట్లేదు."

"అందరికీ ఆడతాది, నీకే ఆడదేటి?"

ఆమె గడ్డం పట్టుకుని కిటికీవైపు తిరిగింది. మాట్లాడితే చెవి దగ్గర పొడుస్తోంది.

ఇంట్లో అది చెవిపోటు అనుకున్నారు. ఎస్తేరమ్మ ఉప్పు మూటగట్టి పెనం మీద వేడిచేసి కాపడం పెట్టింది. వాపు తగ్గింది. షర్మిల కుడివైపునే నమలడం మొదలుపెట్టింది. ఆవలింత వస్తే చేత్తో గడ్డం పట్టుకునేది. మళ్లీ షెడ్డుకు వెళ్లింది. గార్డు మునుపటి కన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. ఇప్పుడు దాన్ని కొరికితే ఎడమవైపు మాత్రమే తగులుతోంది, కుడివైపు సందు ఉండిపోతోంది. ఆ మాట చెబితే మాస్టారు మళ్లీ భయం అంటాడని చెప్పలేదు.

ఒకరోజు కూతురు పెదవి ఎత్తి చిగురు చూసిన ఎస్తేరమ్మ హడలిపోయింది. "ఓలమ్మో, ఇదేటే ఇలగ కుళ్లిపోనాది? ఇది పెట్టుకుని ఆడతన్నావా?" అని, ఆ సాయంత్రమే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టర్ సుజిత మెయిన్ రోడ్డులో మందుల షాపు పైన కొత్తగా క్లినిక్ తెరిచింది. యలమంచిలి అమ్మాయి, రోజూ బస్సులో వచ్చి వెళ్లేది. అప్పటిదాకా ఆమె దగ్గరికి వచ్చినవాళ్లంతా పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లే. గార్డు కావాలని ఒక ఆడపిల్ల రావడం ఆమెకు వింతగానూ, సంతోషంగానూ అనిపించింది. పాత గార్డును చేతిలో తిప్పి చూసి పక్కన పెట్టేసింది.

"ఇది నీ నోటి కోసం చేసింది కాదు షర్మిలా. దీన్ని మరిచిపో. నీ పళ్ల అచ్చు తీసి, ఆ అచ్చు మీద గార్డు చేయిస్తాను. అప్పుడు అది నీకు తప్ప ఇంకెవరికీ పట్టదు."

"డోకు రాదా మేడమ్?"

"వెనకవైపు ఎంతవరకు ఉండాలో అంతవరకే ఉంచుతాను. అంగిటికి తగలదు."

అచ్చు తీయడం మాత్రం తేలిగ్గా జరగలేదు. రేకు పళ్లెంలో గులాబీరంగు ముద్ద వేసి పైపళ్లకు అదిమిపెడితే షర్మిలకు కడుపులోంచి తన్నుకొచ్చింది. సుజిత ఆమె తల ముందుకు వంచి, వీపు మీద చెయ్యి వేసింది. "ముక్కుతో పీల్చు. కాలివేళ్లు కదుపుతూ ఉండు, వాటినే చూడు." షర్మిల తన కాలివేళ్లనే చూస్తూ ఊపిరి పీల్చింది. ముద్ద గట్టిపడింది. సుజిత దాన్ని విశాఖపట్నంలోని ల్యాబుకు పంపింది.

గార్డు వచ్చింది. నున్నగా, నీళ్ల రంగులో ఉంది. పైపళ్లకు తొడగగానే చప్పుడు లేకుండా అంటుకుపోయింది. నోరు తెరిచినా జారలేదు. కోరపన్ను చుట్టూ ఎక్కడా ఒరుసుకోలేదు. ఎస్తేరమ్మ చేతులు జోడించబోయింది.

"ఇప్పుడు మెల్లగా కొరుకు" అంది సుజిత.

ఎడమవైపు తగిలింది. కుడివైపు సందు.

సుజిత కనుబొమలు ముడిపడ్డాయి. ల్యాబువాళ్ల పొరపాటేమో అనుకుంది. మళ్లీ అచ్చు తీసింది, ఇంకోటి చేయించింది. రెండోదీ అంతే. అప్పుడామె గార్డు తీసేసి, షర్మిల రెండు చెవుల ముందు వేళ్లు ఆనించి, నెమ్మదిగా నోరు తెరవమంది. షర్మిల గడ్డం నిటారుగా కిందికి దిగలేదు, ఎడమపక్కకు వాలుతూ దిగింది. రెండు వేళ్లు పట్టేంత తెరుచుకుని ఆగిపోయింది.

"ఈ మధ్య గట్టి దెబ్బేమైనా తగిలిందా?"

తల్లీకూతుళ్లు ముఖాలు చూసుకున్నారు. షర్మిల అనకాపల్లి సంగతి చెప్పింది. చెవిలో చప్పుడైన సంగతి అప్పుడే మొదటిసారి బయటపెట్టింది.

"గార్డు సరిగానే ఉంది" అంది సుజిత. "దవడ కీలు దగ్గరే ఏదో జరిగింది. ఎముక బీటవారిందో, విరిగే అతుక్కుందో ఇక్కడ తెలీదు. విశాఖపట్నంలో దవడ మొత్తం పడేలా ఎక్స్‌రే తీస్తారు. అది చూసేదాకా నువ్వు ఆడకూడదు."

రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు దగ్గరపడుతున్నాయి. షర్మిల కుర్చీలోంచి లేవలేదు.

"తీయించుకుంటాను మేడమ్. కానీ గార్డు మాత్రం ఇప్పుడే సరిచేసి ఇచ్చేయండి. మళ్లీ రావడానికి వీలవుతుందో లేదో."

సుజిత తటపటాయించింది. ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే గార్డు ఎలాగూ కావాలి కదా అనుకుంది. నీలం కాగితం పళ్ల మధ్య పెట్టి కొరికించి, మరక పడినచోటల్లా చిన్న యంత్రంతో అరగదీసింది. కుడివైపు పలచని పొర కలిపింది. కొరికించడం, అరగదీయడం, మళ్లీ కొరికించడం. చివరికి రెండువైపులా ఒక్కసారే తగిలింది.

"ఎలా ఉంది?"

షర్మిల గార్డుతోనే "బాగుంది మేడమ్" అంది. మాట స్పష్టంగా వచ్చింది. అది విని ఆమెకే నవ్వొచ్చింది. గ్లాసుడు నీళ్లు తాగింది. మెడ అటూ ఇటూ తిప్పింది. చెవి దగ్గర కొన్నాళ్లుగా పట్టిపీడిస్తున్న నొప్పి కూడా వదులైనట్టుంది. పళ్లు సమంగా ఆనేసరికి దవడకు ఆసరా దొరికింది.

"సోమవారమే తీసుకెళ్తాం డాక్టరమ్మా" అని ఎస్తేరమ్మ మాటిచ్చింది.

ఆ సోమవారం క్రీస్తురాజుకు డిపోలో సెలవు దొరకలేదు. తరవాత షర్మిలకు కాలేజీ పరీక్షలు. ఇంతలో నొప్పి పూర్తిగా పోయింది. షెడ్డులో ఆమె ఆట చూసి కుర్రాళ్లు కూడా తప్పుకునేవారు. ఊపిరి నిండుగా తీసుకుంటూ, నోరు మూసుకుని, రౌండు మీద రౌండు ఆడేది. గార్డు ఉమ్మడం అనేదే లేదు. మాస్టారు క్రీస్తురాజును బజారులో కలిసి, "మీ గుంట షర్మిల ఈసారి జట్టులో ఉంటాది, రాసిపెట్టుకోండి" అన్నాడు.

"డాక్టరమ్మ ఏదో ఎక్స్‌రే అంటన్నాదండీ."

"నొప్పుందా?"

"నేదండీ. ఇప్పుడేటీ నేదు."

"మరింకేటి? పోటీలకి ఎలాగా విశాపట్నం ఎల్తాం. అయ్యాక అక్కడే తీయించేద్దుం, ఒక పనయిపోద్ది."

క్రీస్తురాజుకు ఆ మాట సబబుగానే తోచింది. షర్మిల కూడా కాదనలేదు. అబద్ధం ఎవరూ ఆడలేదు.

పోటీలకు ముందు జరిగిన వైద్య పరీక్షలో నాడి చూశారు, బీపీ చూశారు, బరువు తూచారు. నోరు ఎవరూ తెరిపించలేదు. మొదటి ఆట షర్మిల సునాయాసంగా గెలిచింది. మర్నాడు రెండోది, సెమీఫైనల్. ఎదుటి పిల్ల అనుభవం ఉన్నదే, అయినా షర్మిల కాళ్లు ఆ రోజు ఆమె చెప్పినట్టల్లా విన్నాయి. చివరి రౌండు ముగిసేవేళ, వెనక్కి తగ్గుతూ ఎదుటి పిల్ల విసిరిన దెబ్బ ఒకటి గడ్డానికి తగిలింది. గట్టిదేమీ కాదు. చూసేవాళ్లు ఎవరూ దాన్ని లెక్కలోకి కూడా తీసుకోలేదు. షర్మిల రెండు దెబ్బలు తిరిగి కొట్టింది. గంట మోగింది.

మూలకు వచ్చిన ఆమె గార్డు తీయడానికి మాస్టారు చెయ్యి చాపాడు.

"నోరు తెరు."

తెరవలేదు.

"ఏటమ్మా, తెరు. నీళ్లు తాగు."

షర్మిల తల అడ్డంగా ఊపింది. గ్లోవుతో చెవి చూపించింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. మాస్టారు పెదాల మధ్య వేలు పెట్టి చూశాడు. పళ్లు గార్డులో దిగిపోయి, బిగుసుకుపోయి ఉన్నాయి. అంతలో రిఫరీ పిలిచాడు. మధ్యకు వెళ్లి నిలబడింది. పేరు చదివారు. రిఫరీ ఆమె చెయ్యి పైకెత్తాడు. చప్పట్లు కొట్టారు. మూసుకుపోయిన నోటి చివర నుంచి ఎర్రని చొంగ కారి బనీను మీద పడుతుంటే ఆమె చెయ్యి ఎత్తుకుని అలాగే నిలబడింది.

పెద్దాసుపత్రిలో ఆ గార్డును ముందునుంచి కత్తితో ముక్కలు ముక్కలుగా కోసి తీయాల్సి వచ్చింది. ఎక్స్‌రే తీశారు. అంత కష్టపడి వాయిదా వేసిన ఎక్స్‌రే కాసేపట్లోనే అయిపోయింది. దవడ ఎముక చెవి కింద ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుందని, ఇప్పుడు అక్కడే మళ్లీ విరిగి కీలులోకి దిగబడిందని డాక్టరు చెప్పాడు. "పాతది అప్పుడే చూపించి ఉంటే కొన్నాళ్లు కట్టు కడితే సరిపోయేదండి" అన్నాడు. గోవింద్ మాస్టారు గోడకు చేరబడి విన్నాడు. ఫైనల్లో షర్మిల దిగలేదు కాబట్టి అందులో ఆమెతో ఆడాల్సిన పిల్లను జట్టులోకి తీసుకున్నారు.

ఆపరేషన్ చేశారు. పైపళ్లకూ కిందిపళ్లకూ తీగలు చుట్టి కట్టేశారు. తీగలు విప్పాక నోరు తెరుచుకుంటుందన్నారు. విప్పాక చిటికెనవేలు పట్టేంత తెరుచుకుంది. ఐస్‌క్రీమ్ పుల్లల్లాంటివి ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య దూర్చి, రోజూ ఒక్కొక్కటి పెంచుకుంటూ పోవాలని చెప్పారు. ఎస్తేరమ్మ పక్కన కూర్చుని పుల్లలు అందించేది. షర్మిల కన్నీళ్లు చెంపల మీదికి కారనిచ్చి, పుల్ల దూర్చుకునేది. కొంతకాలం పెరిగింది. ఆ తరవాత కీలు అక్కడే గట్టిపడిపోయింది. మళ్లీ ఆపరేషన్ చేయొచ్చు, చేసినా మళ్లీ బిగుసుకోవచ్చు అన్నారు. క్రీస్తురాజు కూతురివైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల తిప్పుకుంది.

సుజిత ఆమెను చూడటానికి ఇంటికి వచ్చింది. పెరట్లో ఎస్తేరమ్మతో నిలబడి అంది: "నేను ఆ గార్డు అలా అరగదీసి ఇవ్వకుండా ఉండాల్సిందమ్మా. వంకరకు తగ్గట్టు చేసిచ్చాను. నొప్పి ఉండి ఉంటే మీరు ఎక్స్‌రేకి వెళ్లేవాళ్లు."

ఎస్తేరమ్మ బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టింది. "మీరేటి సేత్తారమ్మా? అది హాయిగుందని మేవే అనుకున్నాం. సోమవారం ఎల్తామని సెప్పింది నేనే కదా."

సుజిత వెళ్లేటప్పుడు షర్మిల తల నిమిరి వెళ్లింది.

గోవింద్ మాస్టారు చాలా రోజులు రాలేదు. వచ్చిన రోజు బత్తాయిలు తెచ్చాడు. అవి రసం తీసి తాగొచ్చు కదా అనుకుని తెచ్చినట్టున్నాడు. క్రీస్తురాజు కుర్చీ వేశాడు, మర్యాదగానే మాట్లాడాడు. షర్మిల గుమ్మం దగ్గర నిలబడింది. పళ్లు కదలకుండా మాట్లాడటం అప్పటికి నేర్చుకుంది. మాటలు ముక్కులోంచి వచ్చినట్టుండేవి.

"మాస్టారూ, అనకాపల్లిలో నాది బయిమేనంటారా?"

ఆయన బత్తాయిల సంచీ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. తరవాత షెడ్డుకు ఆడపిల్లలెవరూ రాలేదు. ఆయనా పిలవలేదు. బదిలీ అడిగి పాడేరు వైపు వెళ్లిపోయాడని చెప్పుకున్నారు.

షర్మిల డిగ్రీలో చేరి మధ్యలో మానేసింది. క్లాసులో ఎవరైనా ప్రశ్న అడిగితే అందరూ వెనక్కి తిరిగి ఆమె నోటివైపు చూసేవారు. చర్చి పాటల బృందంలోంచి తనంతట తానే తప్పుకుంది. రైల్వే మాట క్రీస్తురాజు మళ్లీ ఎత్తలేదు. ఆమె జీడిపప్పు కార్ఖానాలో పప్పు ఏరే పనికి కుదిరింది. అక్కడ వరసగా కూర్చుని ముక్కల్నీ గుండుపప్పునూ వేరుచేయడమే పని, మాట్లాడక్కర్లేదు. సుజిత తరవాత ఇంకో గార్డు చేసిచ్చింది, పలచనిది, పడుకునేటప్పుడు దవడకు ఆసరాగా ఉండేలా. అంత చిన్న నోట్లోంచి అచ్చు తీయడానికి ఆమె నానా తంటాలు పడింది. అది మొదటిసారే చక్కగా కుదిరింది. షర్మిల దాన్ని కొన్నాళ్లు పెట్టుకుని, తరవాత పెట్టుకోవడం మానేసింది.

2008లో చర్చి కట్టిన రోజును జరుపుకునే ప్రతిష్ఠ పండగకు ఆవరణలో పందిరి వేసి ప్రేమవిందు పెట్టారు. మాకవరపాలెం నుంచి, ఎస్. రాయవరం నుంచి చుట్టాలు, విశ్వాసులు వచ్చారు. బంతిలో అందరి ఆకుల్లోనూ అన్నం, మాంసం కూర వడ్డించారు. షర్మిల తల్లి పక్కన కూర్చుంది కానీ ముందున్న ఆకు ఖాళీగా ఉంది. ఇంటి దగ్గర గంజి తాగి వచ్చింది. పదిమంది ముందు అన్నం మెత్తగా పిసికి, వేలితో పళ్ల సందులోంచి లోపలికి నెట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ, ఎప్పుడూ చూడని మనిషి, వడ్డించేవాణ్ని ఆపింది. "ఏటబ్బాయ్, ఈ పాపకి పెట్టలేదేటి?" అని షర్మిలవైపు తిరిగింది. "ఏటమ్మా, తినవేటి?"

ఎస్తేరమ్మ ఏదో చెప్పబోయింది. షర్మిల తల్లి చేతి మీద చెయ్యి వేసింది.

"ఉపవాసమండి" అంది.

పెద్దావిడ ముఖం వికసించింది. "మంచిది తల్లీ. ఈ వయసులో ఎవులుంటారు అలగ? మా మనవడికి ఒంట్లో బాగోలేదు. నీ ప్రార్థనలో వాడి పేరు కూడా సెప్పు. బాలన్న వాడి పేరు."

షర్మిల సరేనన్నట్టు తల ఊపింది. ఎస్తేరమ్మ తల వంచుకుని అన్నం కలుపుకుంటోంది. బంతి చివరి నుంచి వడ్డించేవాళ్లు పులుసు బకెట్టుతో వస్తున్నారు.